గాజు అవతల చేప

గాజుకి ముక్కు ఆనించి నిలబడ్డాను. అవతల ఒక చినూక్ సాల్మన్, నా చెయ్యంత పొడవుంది. ఈదుతూనే ఉంది, కానీ ఉన్నచోటే ఉంది. కాసేపటికి నీళ్లు వెనక్కి నెట్టేశాయి. మళ్లీ వచ్చింది. వీపు మీద పొలుసులు ఊడి తెల్లటి మచ్చ.

అమెరికాలో కొలంబియా నది మీద బానవిల్ డ్యామ్ ఇది. సముద్రం నుంచి దాదాపు 235 కిలోమీటర్లు ఎదురీది వస్తే తగిలే మొదటి డ్యామ్. గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చాక ఈ చేపలు తిండి కూడా మానేస్తాయి, ఒంట్లో ఉన్న కొవ్వుతోనే ప్రయాణమంతా.

చేపలు డ్యామ్ దాటడానికి నీళ్లు పారే మెట్లు కడితే చాలనుకునేదాన్ని. అసలు తంటా ఆ మెట్లు ఎక్కడున్నాయో కనుక్కోవడంలో ఉందట. వాటికి బోర్డులుండవు కదా, ప్రవాహమే గుర్తు. అందుకే మెట్ల మొదట్లో కావాలనే నీళ్లు జోరుగా వదులుతారు. పక్కన డ్యామ్ గేట్ల నుంచి అంతకన్నా పెద్ద హోరు వస్తుంటే చేప అటు పోయి తిరుగుతూ ఉండిపోతుంది.

పోనీ గేట్లు మూసేద్దామా అంటే, సముద్రానికి దిగే పిల్ల చేపలకి టర్బైన్ల కంటే ఆ గేట్ల దారే మేలు. ఎంత నీళ్లు వదలాలో తేల్చే వాళ్ల టెన్షన్ నాకొద్దు బాబూ!

నా చేప మూడోసారికి దాటింది. పక్కనున్న పాప చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, కాస్త మెల్లగా.