టోక్యోలో డ్యాంపర్లున్న ఫ్లాట్ కోసం

2021 అక్టోబర్ 7 రాత్రి 10.41కి టోక్యో ఊగినప్పుడు మేం నిషికసాయ్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్ తొమ్మిదో అంతస్తులో ఉన్నాం. భూకంపం 5.9, ఇంట్లో గ్లాసు కూడా పగల్లేదు, కానీ లిఫ్ట్ ఆగిపోయి, నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని మెట్లన్నీ దిగేసరికి మా ఆవిడ తేల్చి చెప్పేసింది, "ఇల్లు మారదాం."

ఏజెంట్ దగ్గర మొదటి రోజే మూడు మాటలు నేర్చుకున్నాం. తైషిన్ అంటే స్తంభాలూ గోడలూ గట్టిగా కట్టి ఊపును తట్టుకోవడం. మెన్షిన్‌లో పునాది దగ్గర రబ్బరు బేరింగులు పెడతారు, నేల ఊపు పైకి అంతగా ఎక్కదు. సెయ్‌షిన్ అంటే భవనం లోపలే డ్యాంపర్లు, అంటే ఊపును పీల్చుకునే పరికరాలు. 1981 జూన్‌లో ఇక్కడ రూల్స్ కఠినం చేశారు, చూడాల్సింది ప్లాన్‌కి పర్మిషన్ వచ్చిన తేదీ. నేనేమో 1982లో కట్టుబడి పూర్తయిందని చూసి ఒకదానికి దాదాపు సరే అనేశా, తీరా పర్మిషన్ 1980ది!

చివరికి డ్యాంపర్ల ఫ్లాట్ ఒకటి దొరికింది. "అయితే ఊగదన్నమాట?" అన్నాను. ఏజెంట్ నవ్వి వాళ్లాఫీసు తలుపు మీదున్న డోర్ క్లోజర్ చూపించాడు. అందులో నూనె సన్నటి సందులోంచి పోవాలి, అందుకే తలుపు ధడాల్న కొట్టుకోదు, ఆ కదిలే శక్తంతా వేడిగా మారిపోతుంది. ఆయిల్ డ్యాంపరూ అంతే. ఇల్లు ఊగుతుంది, కాకపోతే తక్కువ ఊగి తొందరగా ఆగుతుంది. 2011లో జపాన్ ఈశాన్య తీరంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి దాదాపు 770 కిలోమీటర్ల అవతల, ఒసాకాలో 55 అంతస్తుల ప్రభుత్వ భవనం పది నిమిషాల పాటు ఊగిందని చదివాక ఆ "తొందరగా" ఎంత ముఖ్యమో తెలిసింది. ఉయ్యాలని దాని ఊపుకు తగ్గట్టే తోస్తే ఏమవుతుంది? నెమ్మదిగా ఊపే భూకంప తరంగాలు ఎత్తైన భవనాన్ని అలాగే ఇంకా ఇంకా ఊపేస్తాయి.

ఇంకో టెన్షన్, 2018లో ఇక్కడ డ్యాంపర్లు తయారుచేసేవాళ్లే వాటి పరీక్ష లెక్కలు తారుమారు చేసిన గొడవ బయటపడింది. మన డ్యాంపర్లు వాటిలోవేనా అంటే ఏజెంట్ దాటవేశాడు, ఓనర్ల సంఘం కాగితాలు రప్పించుకునేదాకా నేను సంతకం పెట్టలేదు. ఆ డ్యాంపర్లు తీసేసి కొత్తవి పెట్టించారట, సరే.

ఫిబ్రవరిలో చేరాం. 2022 మార్చి 16 రాత్రి 11.36కి ఫుకుషిమా తీరంలో 7.4 వచ్చింది. కర్టెన్లు ఊగాయి, నేల పడవలా కదిలింది, కాసేపటికి సర్దుకుంది. పిల్లాడు లేవనే లేదు. లిఫ్ట్ మాత్రం ఇక్కడా ఆగిపోయింది.