గోడ పక్కన మూడో కొవ్వొత్తి

నవంబర్ 2 సాయంత్రం మా ఊరి సమాధుల తోటలోకి అడుగుపెట్టగానే తడి సున్నం వాసన వస్తుంది. పొద్దున్నే ఎవరి సమాధికి వాళ్లు వెల్ల వేసి, బంతిపూల దండలు వేసి వెళ్తారు. మసక చీకటి పడ్డాక కొవ్వొత్తులతో మళ్లీ వస్తారు. అమ్మ కొంగు అడ్డం పెట్టి ఒత్తి వెలిగిస్తుంది. గట్టు మీద రెండు చుక్కలు మైనం కార్చి, కొవ్వొత్తి నిలబెట్టి, అది అతుక్కునేదాకా వేళ్లతో పట్టుకునే ఉంటుంది. తాతయ్యకొకటి, నాయనమ్మకొకటి. మూడోది మాత్రం గోడ పక్కన, శిలువ కూడా లేని ఒక మట్టిదిబ్బ మీద పెడుతుంది. అక్కడున్నది ఎవరని చిన్నప్పుడు అడిగితే, "ఎవరో మరి. వాళ్లకెవరూ రారుగా" అంది.

ఈ ఆత్మల పండుగ మనకు ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఫ్రాన్స్‌లో, బుర్గుండీ ప్రాంతంలో 910లో స్థాపించిన క్లూనీ మఠం ఉంది. సన్యాసులు ఎలా బతకాలో చెప్పే పునీత బెనెడిక్ట్ నియమావళి ప్రకారం నడిచిన మఠం. 994లో దానికి మఠాధిపతి అయిన పునీత ఒదిలో గారు సుమారు యాభై నాలుగేళ్లు ఆ బాధ్యత మోశారు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం అక్కడ చాలా ముఖ్యమైన పని. కన్నుమూసిన మఠవాసుల పేర్లు ఒక పుస్తకంలో తేదీల వారీగా రాసుకుని, ఆ రోజు వచ్చినప్పుడు పైకి చదివేవారు. ఎవరైనా చనిపోతే ముప్పై రోజుల పాటు ఆయన వంతు భోజనం ఒక పేదవాడికి పెట్టేవారు. ఆ రొట్టె, ఆ ఉడికించిన చిక్కుడు గింజలు పోయినాయన పేరు మీదే ఇంకో మనిషి ఆకలి తీర్చేవి. మన ఇళ్లలో పెద్దల పేరు చెప్పి నలుగురికి అన్నం పెట్టే అలవాటున్న మనకు ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ పుస్తకంలో ఉండేవి తెలిసిన పేర్లే కదా. రాసుకునేవాళ్లు లేనివాళ్ల సంగతేంటి? 998 ప్రాంతంలో, నవంబర్ 1న వచ్చే సకల పునీతుల పండుగ మర్నాడే జరపాలని, తన మఠాలన్నిటిలో ఒక ఆచారం పెట్టారు ఒదిలో గారు. గంటలన్నీ మోగించాలి. మృతుల ప్రార్థనలు పాడాలి, గురువులు బలిపూజ అర్పించాలి, వచ్చిన పేదలకు రొట్టె, ద్రాక్షారసం పంచాలి. ఇదంతా ఎవరి కోసం? లోకం మొదలైనప్పటి నుంచి చివరిదాకా విశ్వాసంలో కన్నుమూసే అందరి కోసం. క్లూనీ నుంచి ఆ రోజు మెల్లగా కతోలిక శ్రీసభ అంతటికీ పాకింది.

మృతుల కోసం మనం చదివే 130వ కీర్తన "అగాధస్థలములలోనుండి" అని మొదలవుతుంది. ఆ లోతులో నుంచి పిలిచేది ఎవరో, పేరేంటో, ఏ ఊరో కీర్తన చెప్పదు. 'నేను' అంటూ ఒక్కడి ఏడుపుగా మొదలై, చివరికొచ్చేసరికి ఇశ్రాయేలు జనమంతటి విడుదల గురించి మాట్లాడుతుంది. ఒక్కడి మొర అందరి ఆశ అయిపోతుంది. ఒదిలో గారు ఈ కీర్తనను ఎన్ని వేల సార్లు పాడి ఉంటారో! ఆయన పెట్టిన పండుగ ఈ కీర్తన నడిచిన దారిలోనే నడిచిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1030ల మొదట్లో ఘోరమైన కరువొచ్చింది. ఆయన గుడి పాత్రలు, నగలు అమ్మించి జనానికి తిండి పెట్టారు. పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో హెన్రీ ఇచ్చిన బంగారు కానుకను కూడా ఉంచుకోలేదు. కఠినంగా ఉండి శిక్షపాలు కావడం కన్నా దయ చూపించి శిక్షపాలు కావడమే నయమని ఆయన అనేవారట. 1049 కొత్త సంవత్సరం వచ్చే రాత్రి, మఠాలను చూడ్డానికి తిరుగుతూ ఫ్రాన్స్‌లోనే సువిన్యీ అనే ఊళ్లో ప్రాణం విడిచారు. తర్వాతి తరం క్లూనీలో కట్టిన మహా దేవాలయాన్ని ఫ్రెంచ్ విప్లవం తర్వాత రాళ్ల కోసం కూలగొట్టారు. ఇప్పుడు మిగిలింది కొద్ది భాగమే.

పోయినేడు అమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువై గేటు దగ్గరే కూర్చుండిపోయింది. మూడో కొవ్వొత్తి నేనే తీసుకెళ్లాను. రెండుసార్లు ఆరిపోయింది, అగ్గిపెట్టెలో పుల్లలు కూడా అయిపోయాయి. పక్క సమాధి దగ్గరున్న పిల్లాడు తన కొవ్వొత్తి వంచి నాది వెలిగించాడు.

"ఎవరు అంకుల్ ఇక్కడ?" అని అడిగాడు.