పోస్ట్‌డాక్‌లో పిల్లల్ని కనొచ్చా అని అడిగే చెల్లెళ్లకి

జర్మనీ నుంచి తార్నాకలో అమ్మావాళ్లింటికి వచ్చినప్పుడల్లా అక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీలోనో ఐఐసీటీలోనో పీహెచ్‌డీ చేసే అమ్మాయిలు ఎవరో ఒకరు కలిసి అడిగేది ఇదే, అక్కా, పిల్లల్ని ఎప్పుడు కనాలి, ఇప్పుడా, పీహెచ్‌డీ అయ్యాక చేసే టెంపరరీ పరిశోధన ఉద్యోగం, అదే పోస్ట్‌డాక్‌లోనా, ఉద్యోగం పర్మనెంట్ అయ్యాకనా అని. పర్మనెంట్ అయ్యేదాకా ఆగమని మాత్రం నేను ఎవ్వరికీ చెప్పను, జర్మనీలో ప్రొఫెసర్ పోస్టు వచ్చేసరికి చాలామందికి నలభై దగ్గర పడుతుంది.

అక్కడి రూల్స్ అయితే నిజంగా మంచివే. డెలివరీకి ముందు 6 వారాలు, తర్వాత 8 వారాలు జీతంతో సెలవు, ఆ తర్వాత పేరెంటల్ లీవ్ ఉంది, ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ డేకేర్‌లో సీటు 2013 నుంచి చట్టప్రకారం హక్కు. పీహెచ్‌డీ అయ్యాక యూనివర్సిటీలో టెంపరరీ కాంట్రాక్టు మామూలుగా 6 ఏళ్ల దాకానే, కానీ ఆ పరిమితికి ఒక్కో బిడ్డకి 2 ఏళ్లు కలుపుతారు. మనవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఆ 2 ఏళ్లు కాంట్రాక్టు పొడిగించడానికి వీలు మాత్రమే, పొడిగించి తీరాలని లేదు, ప్రాజెక్టులో డబ్బు అయిపోతే అంతే.

ఇంక చేతిసాయం సంగతి. అమ్మ వస్తే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. వచ్చి పాపకి నూనె రాసి స్నానం పోసి, నాకు పాలు పడతాయని వెల్లుల్లి కారం చేసిపెట్టి, అమ్మమ్మ గొంతు వినపడితే పాప తల తిప్పి చూడ్డం మొదలుపెట్టే టైంకి వెళ్లిపోవాల్సి వచ్చింది. ల్యాబ్‌లో పెంచే సెల్స్‌కి మాత్రం ఆదివారం లేదు కదా, వాటికి ఆహారంగా పోసే ద్రవం, మీడియా, మార్చాల్సిందే, నేను పైన ల్యాబ్‌లో హుడ్ అనే అద్దాల పెట్టె ముందు పైపెట్ పట్టుకుని కూర్చుంటే మా ఆయన కింద స్ట్రోలర్ తిప్పుతుండేవాడు, ఫీడింగ్ టైం దాటిందంటే లోపల బట్టలన్నీ పాలతో తడిసిపోయి ల్యాబ్ కోటు దాకా వచ్చేసేది.

పాపని హైదరాబాద్‌లో వదిలేసి వెళ్లమని చాలామంది అన్నారు, ప్రేమతోనే అన్నారు. అట్లా వదిలిన వాళ్లని నేను తప్పు పట్టను, వాళ్ల గుండె ఎంత కొట్టుకుపోయి ఉంటుందో నాకు తెలుసు. కానీ మా అమ్మ ఒకటే మాట అంది, "నువ్వు పని ఆపకు, అల్లుణ్ని లీవ్ పెట్టమను" అని. పెట్టాడు. అక్కడ తల్లికొక్కదానికే అయితే లీవ్ డబ్బులు 12 నెలలు, తండ్రి కూడా కనీసం 2 నెలలు తీసుకుంటే మొత్తం 14 అవుతాయి. కాలనీలో మాత్రం అల్లుడి ఉద్యోగం పోయిందా అని నాన్నని అడిగారట, నాన్న ఎంత ఓపిగ్గా చెప్పాడో.

ఇక్కడే ఉండేవాళ్లు కూడా తెలుసుకోండి, యూనివర్సిటీలని చూసే యూజీసీ వాళ్ల 2022 రూల్స్‌లో పీహెచ్‌డీ చేసే ఆడపిల్లలకి 240 రోజుల దాకా మెటర్నిటీ, చైల్డ్ కేర్ లీవ్ ఉంది, గైడ్‌ని అడగండి. బయటికొచ్చేవాళ్లు సంతకం పెట్టేముందే రెండు అడగండి, నేను లీవ్‌లో ఉంటే నా ప్రయోగం ఎవరు చూస్తారు, ప్రాజెక్టు డబ్బు ఏ నెల దాకా ఉంది. ఇంట్లో ఆయన్ని కూడా అప్పుడే అడగండి, లీవ్ ఎన్ని నెలలు పెడతాడో.