ఇద్దరి పేర్ల మీద ఉన్న కారు

2025 ఆగస్టులో మా పాత కరోలాని తుక్కుకి అమ్మేశాను. చేతికి 375 డాలర్లు వచ్చాయి. అంతకు రెండు నెలల ముందు అమ్మి ఉంటే 900 వచ్చేవి. ఆ తేడా ఎందుకొచ్చిందో, అమ్మిన రోజు ఏం జరిగిందో రాసిపెడదామనిపించింది. మన పిల్లలు చాలామంది ఇక్కడ అమెరికాలో మొదటి కారు ఇద్దరు ముగ్గురు కలిసి కొంటారు కాబట్టి.

2013లో డెంటన్‌లో దిగాను. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్‌లో ఎమ్మెస్. నాది గుడివాడ, నా రూమ్మేటుది హనుమకొండ. మొదటి నాలుగు నెలలు బియ్యం కావాలన్నా, పెరుగు కావాలన్నా సీనియర్లలో ఎవరు బయటికి వెళ్తున్నారా అని వాట్సాప్ చూసుకుంటూ కూర్చునేవాళ్లం. అడిగి అడిగి ముఖం చిన్నబోయేది. డిసెంబరులో ఒక సీనియర్‌కి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చి కారు అమ్మేస్తానన్నాడు. 2005 మోడల్ టయోటా కరోలా, 96,000 మైళ్లు తిరిగింది, 4,200 డాలర్లు. చెరో 2,100 వేసుకున్నాం. నా వాటాలో సగం నాన్న పంపిందే.

కౌంటీ టాక్స్ ఆఫీసులో క్లర్కు టైటిల్ ఎవరి పేరు మీద అని అడిగింది. ఇద్దరం ఒకేసారి "ఇద్దరి పేరూ" అన్నాం. సగం సగం డబ్బు పెట్టినప్పుడు ఇంకేం అంటాం? ఆ ఆదివారం ఇర్వింగ్‌లోని ఏక్తా మందిర్‌కి తీసుకెళ్లి పూజ చేయించాం. నిమ్మకాయలు తొక్కించి ముందుకి నడిపింది నా రూమ్మేటే. అప్పటికి నాకింకా లైసెన్సు రాలేదు.

ఆ కారే మాకు ఉద్యోగాలు తెచ్చిపెట్టింది. నాకు లాస్ కొలినాస్‌లో టెస్టింగ్ ప్రాజెక్టు, తనకి ప్లేనోలో. పొద్దున ఆరింటికి డెంటన్‌లో బయల్దేరి, ముప్ఫై అయిదు ఈస్టు హైవే మీద ట్రాఫిక్‌లో పడి, నన్ను ఆఫీసు దగ్గర దింపి తను ప్లేనో వెళ్లేది. సాయంత్రం నన్ను ఎక్కించుకునేసరికి ఏడయ్యేది. మధ్యాహ్నం తినకుండా మిగిలిన పులిహోర డబ్బా ఆ కారులోనే ఇద్దరం పంచుకుని తినేవాళ్లం.

2018లో వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగోలేక తను వెనక్కి వెళ్లిపోయింది. వెళ్లేముందు "కారు నువ్వే ఉంచుకోవే" అంది. ఊరికే తీసుకోవడం ఇష్టంలేక తన వాటా కింద 1,200 డాలర్లు పంపాను. డబ్బు లెక్క తేల్చుకున్నాం. టైటిల్ మీద పేరు సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

ఇక్కడ ఒక ముక్క వివరంగా చెప్పాలి. మన దగ్గర ఆర్‌సీ ఒక్కటే. ఇక్కడ రెండు వేరు. రిజిస్ట్రేషన్ అనేది ఏటా కట్టుకునేది, అద్దం మీద స్టిక్కరు అంటిస్తాం. టైటిల్ అనేది ఆ కారు ఎవరిదో చెప్పే కాగితం. కొన్నప్పుడు వస్తుంది, ఫైల్లో పెడతాం, అమ్మేదాకా దాని అవసరమే రాదు. దాని వెనకవైపు అమ్మేవాళ్లు సంతకం పెట్టి, కొనేవాళ్ల పేరు, చిరునామా, తేదీ రాసి ఇస్తేనే కారు చేతులు మారినట్టు. రెండు పేర్లుంటే రెండు సంతకాలూ కావాలి.

ఈ సంగతి నాకు 2025 జూన్‌లో తెలిసింది. కారుకి చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరడం లేదు. ఆ ఏడాది జనవరి నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, డాలస్, డెంటన్, కాలిన్, టారంట్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంచారు. ఆ లైటు వెలుగుతుంటే పరీక్ష తప్పుతుంది. పరీక్ష తప్పితే రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. ఇరవయ్యేళ్ల కారుకి ఇంకా ఖర్చు పెట్టడం ఎందుకు, అమ్మేద్దాం అన్నారు మా వారు. దేశమంతా షోరూములున్న ఒక పెద్ద సంస్థ దగ్గరికి తీసుకెళ్లాం. అరగంట చూసి 900 డాలర్లు రాసిచ్చారు. ఏడు రోజుల వరకు ఆ రేటుకి కట్టుబడి ఉంటామన్నారు. టైటిల్ తీసి బల్ల మీద పెట్టాను. ఆ అబ్బాయి రెండో పేరు మీద వేలు పెట్టి "ఈమె వచ్చారా?" అని అడిగాడు.

ఆమె హనుమకొండలో ఉంది. ఇద్దరు పిల్లల తల్లి, ఇంటర్ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్.

దారి లేకపోలేదు. తన తరఫున నేను సంతకం పెట్టడానికి పవర్ ఆఫ్ అటార్నీ ఫారం ఉంది, వీటీఆర్-271 అంటారు. మోటారు వాహనాల శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. పంపాను. తను ప్రింటు తీయించి, సంతకం పెట్టి, పాస్‌పోర్టు కాపీ జతచేసి కొరియర్ చేసింది. షోరూము వాళ్లు ఫోటో కుదరదు, ఒరిజినలే కావాలన్నారు. మధ్యలో తన కాలేజీలో పరీక్షలు, ఒకసారి కారు నంబరు గడిలో ఒక అంకె తప్పు పడి మళ్లీ రాయాల్సి రావడం, అన్నీ కలిపి నెల దాటింది. ఏడు రోజుల గడువు ఎప్పుడో పోయింది.

ఆ నెలలోనే కారు చచ్చిపోయింది. ఆ తప్పు పూర్తిగా నాదే. వాటర్ పంపు దగ్గర కూలెంట్ కారుతోందని మెకానిక్ చెప్పాడు. అమ్మేసే కారే కదా అని నీళ్లు పోసుకుంటూ నడిపాను. జులై ఎండలో, జార్జ్ బుష్ టర్న్‌పైక్ మీద వేడి ముల్లు పైకి లేచింది. ఇంకొక్క ఎగ్జిట్, ఇంకొక్క ఎగ్జిట్ అని ఆపకుండా పోనిచ్చాను. వెనక తెల్లపొగ. ఆయిల్ మూత తీసి చూస్తే అడుగున పాలు ఎక్కువైన కాఫీ రంగు. కూలెంటూ ఆయిలూ కలిసిపోయాయి. హెడ్ గ్యాస్కెట్ పోయింది, బాగుచేయాలంటే 1,800 అన్నాడు మెకానిక్. అపార్ట్‌మెంట్ వాళ్లు మూడో వారానికే అద్దం మీద నోటీసు అంటించారు, కదలని బండి పది రోజుల్లో తీయకపోతే టో చేయిస్తామని. ఆ పది రోజులూ నాకు నిద్ర సరిగా పట్టలేదు.

అప్పుడు పాత కార్లు కొనేవాళ్లకి ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. నలుగురికి చేశాను, నలుగురూ అడిగిన మొదటి మాట ఒకటే: "కన్వర్టర్ ఉందా?" కారు కింద పొగ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ అది. అందులో ప్లాటినం, పలేడియం, రోడియం ఉంటాయి. మిగతా కారంతా ఇనుము ధరకి తూకమేస్తే, దీన్ని మాత్రం విడిగా లెక్కకడతారు. అందుకే రాత్రికి రాత్రి కోసుకుపోయే దొంగలు కూడా ఉన్నారు. మాది అసలుదే, కంపెనీ బిగించిందే. ఆ మాట చెప్పగానే రేటు వంద పెరిగింది. కాబట్టి ఫోను చేసేముందు ఒకసారి వంగి కిందకి చూసుకోవడం మంచిది.

మొదటి అతను ఫోన్లో 450 అన్నాడు. శనివారం పొద్దున టో ట్రక్కు వచ్చింది. ట్రక్కు నడిపే మనిషి కారు చుట్టూ తిరిగి, టైర్లు అరిగాయన్నాడు, బ్యాటరీ లేదన్నాడు. బ్యాటరీ ఉంది, ఛార్జి లేదు, అంతే. చివరికి 250 అన్నాడు. ఎండలో నిలబడి ఉన్నాను, నోటీసు గడువు ఇంకా నాలుగు రోజులే. ఎలాగైనా వదిలిపోతే చాలనిపించే స్థితిలో మనం ఉంటామని వాళ్లకి తెలుసు. అయినా 250కి కూడా సరేననేదాన్నేమో. అతను టైటిల్ తిప్పి చూపిస్తూ "ఇక్కడ సంతకం ఒక్కటి పెట్టండి చాలు, పేరూ తేదీ ఖాళీగా వదిలేయండి, మేం రాసుకుంటాం" అన్నాడు.

నాకు ఒక్కసారిగా మా నాన్న చేతక్ గుర్తొచ్చింది.

1998లో నాన్న తన బజాజ్ చేతక్‌ని తెలిసినాయనకి అమ్మారు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, మిగతా గళ్లు ఖాళీగానే ఇచ్చేశారు, ఆయనే ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి మార్చుకుంటాడని. ఆయన మార్చుకోలేదు. ఇంకొకరికి అమ్మాడు, వాళ్లు మరొకరికి. నాలుగేళ్ల తర్వాత పామర్రు రోడ్డులో ఆ స్కూటర్ ఒక ముసలాయనని గుద్దింది. పోలీసులు సరాసరి మా ఇంటికి వచ్చారు. రికార్డుల్లో ఇంకా నాన్నే యజమాని. ఆ రోజు స్కూలుకి వెళ్లకుండా గుమ్మం వెనక నిలబడి చూసింది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. రెండేళ్లు వాయిదాలకి తిరిగారు నాన్న. స్కూటర్ అమ్మినప్పుడు వచ్చిన డబ్బుకన్నా బస్సు చార్జీలకే ఎక్కువైందని అమ్మ అనేది.

టెక్సాస్‌లో అయినా సంగతి అదే. కొన్నవాడు తన పేరు మీదకి మార్చుకునేదాకా రికార్డులో మన పేరే ఉంటుంది. దానికి ఇక్కడొక మంచి ఏర్పాటు ఉంది. అమ్మిన ముప్ఫై రోజుల్లోపు మోటారు వాహనాల శాఖకి ఫలానా వారికి అమ్మేశామని ఆన్‌లైన్‌లో తెలియజేయవచ్చు. వెహికిల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ అంటారు, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత ఆ బండి మీద టోల్ బిల్లులో పార్కింగ్ టికెట్లో వస్తే, ఫలానా తేదీన అమ్మేశామని చూపించుకోవడానికి అది ఆధారం. కానీ అందులో కొన్నవాళ్ల పేరూ చిరునామా నింపాలి. టైటిల్ మీద ఖాళీ గడి వదిలేస్తే నేను అక్కడ ఎవరి పేరు రాయను? మా ఆఫీసులో ఒకబ్బాయి అలాగే వదిలేశాడు, నంబరు ప్లేట్లు కూడా తీయకుండా. ఎనిమిది నెలలపాటు తను ఎప్పుడూ వెళ్లని రోడ్ల మీది టోల్ బిల్లులు ఇంటికొచ్చాయి. ఇద్దరం కూర్చుని ఒక్కొక్క బిల్లుకీ ఉత్తరం రాశాం. ఆ అబ్బాయి టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

ఇది నా ఒక్క సంతకం కూడా కాదు. నా రూమ్మేటు నన్ను నమ్మి అక్కణ్ణుంచి పంపిన సంతకం. ఖాళీ కాగితం మీద తన పేరు ఎవరికో ఎలా ఇస్తాను? కుదరదని చెప్పాను. అతను విసుక్కుని, డీజిల్ ఖర్చు ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. వెళ్లిపోయాడు.

సోమవారం ఇంకొకరు వచ్చారు. ట్రక్కు పక్కన రాష్ట్ర లైసెన్సు నంబరు, టీడీఎల్ఆర్ అని ముందు ఉండేది, స్పష్టంగా రాసి ఉంది. దాన్ని ఫోటో తీసుకున్నాను. నడిపేది హోండురాస్ నుంచి వచ్చిన పెద్దాయన. ఫోన్లో చెప్పిన 375కే నిలబడ్డారు. టైటిల్ మీద వాళ్ల యార్డు పేరు, చిరునామా తనే రాశారు. నేను నా పేరు దగ్గర నా సంతకం, నా రూమ్మేటు పేరు దగ్గర తన తరఫున నా సంతకం పెట్టి, పవర్ ఆఫ్ అటార్నీ కాగితం జతచేశాను. రెండువైపులా ఫోటోలు తీసుకున్నాను. రసీదు రాయించుకున్నాను. నోట్లు లెక్కపెట్టుకున్నాక కాగితం ఇచ్చాను, ముందు కాదు.

అద్దం మీద టోల్ ట్యాగూ, రిజిస్ట్రేషన్ స్టిక్కరూ బ్లేడుతో గీకేశాను. డ్యాష్‌బోర్డు మీద అంటించిన వేంకటేశ్వరస్వామి బొమ్మ పన్నెండేళ్ల ఎండకి తెల్లబోయింది, గోరుతో మెల్లగా లేపితే చిరగకుండా వచ్చింది. ప్లేట్ల మర తుప్పు పట్టి రాకపోతే ఆ పెద్దాయనే తన స్పానర్‌తో విప్పి ఇచ్చారు. "మీ మొదటి కారా?" అని అడిగారు. అవునన్నాను. తన మొదటి బండి కూడా కరోలానే అన్నారు, అది హ్యూస్టన్‌లో వరదలో పోయిందట.

పదకొండు వందల కిలోల బరువున్న కారుని తాడు కట్టి లాగుతుంటే, హ్యాండ్ బ్రేకు తీసి ఉన్నా వెనక చక్రం ఒకటి తిరగనని మొరాయించింది. తర్వాత ఎక్కింది. ఎక్కడికి పోతుందని అడిగాను. పనికొచ్చే భాగాలు విప్పేసుకుని, మిగిలింది నలిపి ముక్కలు చేస్తారట. డాలస్‌కి దక్షిణాన మిడ్‌లోథియన్‌లో పాత ఇనుము కరిగించి ఉక్కు చేసే పెద్ద కర్మాగారం ఉంది. మాది అక్కడికే చేరిందో లేదో ఆయన కూడా చెప్పలేరు.

ఆ మధ్యాహ్నమే నోటిఫికేషన్ నింపి, వచ్చిన రసీదు ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. ఇన్సూరెన్స్ ఆ తర్వాతే రద్దు చేయించాను. టైటిల్ వెనకవైపు ఫోటో, నోటిఫికేషన్ ప్రింటూ నా రూమ్మేటుకి పంపాను. నాన్నకి ఫోన్ చేస్తే ఆయన ధర అడగలేదు. "పేరు మార్పించావా అమ్మా?" అన్నారు. మార్చుకోవాల్సింది వాళ్లు, మనం తెలియజేసేశాం నాన్నా అని మొత్తం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మాకు అప్పుడు ఇలాంటిది ఉంటే బాగుండేది" అన్నారు.

టెక్సాస్ కార్లకి ముందొకటి, వెనకొకటి ప్లేట్లుంటాయి. ఇంకెవరూ వాడకుండా రెండింటి మీదా మార్కర్‌తో అడ్డంగా గీత కొట్టాను. ఒకటి నా బీరువాలో పెట్టుకున్నాను. రెండోది మా అత్తగారు నవంబరులో తిరిగి వెళ్తున్నప్పుడు ఆవిడ సూట్‌కేసులో రెండు చీరల మధ్య పెట్టి పంపాను. 375లో సగం, 187 డాలర్ల 50 సెంట్లు, నా రూమ్మేటు అకౌంటులో వేస్తే వెంటనే తిప్పి పంపేసింది. ప్లేటు మాత్రం హైదరాబాద్ వచ్చి తనే స్వయంగా తీసుకెళ్లింది.