ముందు నీళ్ళు, తర్వాతే పార్కు: అంబర్‌పేట బతుకమ్మ కుంట

హైదరాబాద్ అంబర్‌పేటల ఉన్న బతుకమ్మ కుంట ఇప్పుడెట్లుందో చూసిండ్రా? లేకుంటే ఓ సాయంత్రం పోయి రండి. మా చిన్నమ్మ వాళ్ళిల్లు అటు దిక్కే కాబట్టి నాకు ఆ జాగా ఎప్పటినుంచో ఎరుక, ఏముండె అక్కడ, తుమ్మచెట్లు, పిచ్చిమొక్కలు, ఎవరింట్ల గోడ కూలగొట్టినా ఆ ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు ట్రాలీ ఆటోల తెచ్చి ఆడనే కుమ్మరిచ్చేటోళ్ళు. 1962-63 సర్వేల 14 ఎకరాల పైన ఉన్న కుంట, చివరికి 5 ఎకరాల చిల్లర మిగిలింది, అండ్ల గూడ చుక్క నీళ్ళు లేవు.

2025 ఫిబ్రవరిల హైడ్రా (చెరువులు, సర్కారు జాగాలు కాపాడే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు జేసీబీలు దింపి తవ్వితే కొన్ని అడుగుల లోతుకే నీళ్ళు ఉబికొచ్చినయ్. పైపులైను పగిలిందేమో అన్నరు కొందరు, వాటర్ బోర్డు వాళ్ళొచ్చి చూసి కాదు, భూమిల ఊటే అని తేల్చిండ్రు. ఇన్నేండ్లు ఇంత మట్టి పోసి తొక్కినా ఊట చావలే, నాకైతే ఆ వార్త చదివినప్పుడు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఇండ్ల జోలికి పోం, మిగిలిన జాగ వరకే తవ్వుతం అని ముందే చెప్పుడు కూడా మంచి పని, లేకుంటే పక్క బస్తీలోళ్ళకు నిద్ర పట్టేది కాదు. సెప్టెంబర్ 28న బతుకమ్మ పండుగ రోజులల్లనే సీఎం రేవంత్ రెడ్డి ఓపెన్ చేసిండు.

నేను చెప్పేది ఒక్కటే, ఇక్కడ నీళ్ళ సంగతి ముందు చూసిండ్రు, వాకింగ్ ట్రాకు తర్వాత. మన సిటీల చానా చెరువులకు ఉల్టా జరుగుతది, ముందు గేటు, రంగు లైట్లు, ఓపెన్ జిమ్ము పెడతరు, నాలా మురుగు మాత్రం అట్లనే లోపలికొస్తుంటది, కొన్నాళ్ళకు గుర్రపుడెక్క అల్లుకుంటది, దోమలకు జనం రారు. హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, సంజీవయ్య పార్కు ఎంత బాగున్నా, కూకట్‌పల్లి నాలా ఏండ్ల తరబడి మోసుకొచ్చిన మురికికి ఎండాకాలంల ముక్కు మూసుకోవాల్సిందే కదా.

కుంటల గునుగుపూలు, తంగేడుపూలు తేలుతుంటే గట్టు మీద ముసలమ్మలు కదలకుండ చూస్తనే ఉన్నరు. చిన్నమ్మ అయితే చెప్పులిడిచి అంచుదాక పోయి చెయ్యి తడుపుకుంది.

ఇగ వానలు పడకముందే ఇన్‌లెట్లల్ల చెత్త తీపియ్యాలె, అండ్ల మురుగు లైను కలుస్తుందా అని చూస్తుండాలె. చుట్టుపక్కలోళ్ళు దయచేసి ఒక కన్నేసి ఉంచుర్రి, మళ్ళెవరన్న ట్రాలీల మట్టి తెస్తే అక్కడ్నే ఆపి, ఫోటో తీసి, అదే రోజు కంప్లయింట్ పెట్టుర్రి.