200 ఐఎం - 4:12 నుంచి 3:40కి ఎలా వచ్చానంటే

నేను చిన్నప్పుడు ఊళ్లో నడుముకి బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాణ్ణి. మళ్లీ పూల్‌లో దిగింది 38 ఏళ్లకి, హైదరాబాద్‌లో. ఆ తర్వాత ఏడాదికి 200 మీటర్ల ఇండివిడ్యువల్ మెడ్లే (ఐఎం, నాలుగు రకాల ఈతలూ ఒకే రేసులో) ట్రై చేశా, ముందు బటర్‌ఫ్లై, తర్వాత బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా), బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్పలాగా), ఫ్రీస్టైల్, ఒక్కోటీ 50 మీటర్లు. 4:12 పట్టింది, గట్టు ఎక్కే ఓపిక కూడా లేదు.

అందరిలాగే నాకూ ఫ్లై వల్లే ఇదంతా అనిపించి ఆరు నెలలు దాని మీదే పడ్డా. టైమ్ పెద్దగా కదల్లేదు. ఒకరోజు కోచ్ స్టాప్‌వాచ్‌లో ఒక్కో 50 విడిగా రాసి చూపించాడు, ఫ్లై 52, బ్యాక్ 1:08, బ్రెస్ట్ 1:16, ఫ్రీ 56. "అన్నా, ఫ్లైలో దమ్మంతా పెట్టేస్తున్నవ్, తర్వాత మిగిలేదేం లేదు, బ్రెస్ట్‌లో అయితే అసలు కదుల్తలేవ్" అన్నాడు. నిజంగానే ఆ కాగితం చూశాకే నాకు విషయం అర్థమైంది.

బ్రెస్ట్‌లో అసలు గొడవ బావి ఈత అలవాటు. నా కుడి పాదం బయటకి తిరగట్లేదు, కత్తెర లాగా కొడుతోంది, దానికి స్పీడ్ రాదు సరికదా రేసులో డిస్‌క్వాలిఫై కూడా చేస్తారు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు నీళ్లు దాటి పైకి రాకుండా కిక్ కొట్టడం, మోకాళ్ల మధ్య పుల్ బాయ్ (తేలే ఫోమ్ ముక్క) పెట్టుకుని కొట్టడం, ఒక పుల్‌కి (చేతులతో నీళ్లు లాగడానికి) రెండు కిక్‌లు, ఇవే మూడు నెలలు చేశా, రోజూ ఇంటి దగ్గర చీలమండల స్ట్రెచింగ్ కూడా. విసుగొచ్చేది కానీ పాదం తిరిగిన రోజు నీళ్లు వెనక్కి తొయ్యడం అంటే ఏంటో మొదటిసారి తెలిసింది, ఆ సంతోషం వేరు.

ఫ్లైకి మాత్రం ఒంటి చేత్తో 25 మీటర్ల చొప్పున కొట్టి, రేసులో కావాలనే నెమ్మదిగా వెళ్లడం నేర్చుకున్నా.

ఇంకోటి టర్న్‌లు, అంటే గోడ దగ్గర వెనక్కి తిరగడం, వీటిని ఎవరూ పట్టించుకోరు. బ్యాక్ నుంచి బ్రెస్ట్‌కి మారేటప్పుడు గోడని వెల్లకిలా ఉండగానే తాకాలి, ముందే బోర్లా తిరిగితే పోయినట్టే. ఒక మాస్టర్స్ మీట్‌లో (పెద్దవాళ్ల పోటీల్లో) నాకు సరిగ్గా అదే జరిగింది, రేస్ మొత్తం ఈది బయటకొచ్చాక చెప్పారు, ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. గోడకి 5 మీటర్ల ముందు పైన జెండాలు ఉంటాయి కదా, అవి కనపడ్డాక నాకెన్ని స్ట్రోక్‌లు పడుతున్నాయో లెక్కపెట్టి అదే నెంబర్ మీద ప్రాక్టీస్ చేశా. బ్రెస్ట్‌లోకి వెళ్లాక గోడ తన్ని నీళ్ల కింద ఒక్క డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి చేప తోకలా కొట్టడం), ఒక పెద్ద పుల్, ఆ తర్వాతే బ్రెస్ట్ కిక్, ఇది ఊపిరి ఆడనట్టు ఉంటుంది కానీ పైకి తొందరగా వచ్చేస్తే స్పీడ్ మొత్తం పోతుంది.

పోయిన నెల టైమ్ ట్రయల్‌లో ఫ్లై 55, బ్యాక్ 57, బ్రెస్ట్ 1:00, ఫ్రీ 48. మొత్తం 3:40. ఫ్లైలో 3 సెకన్లు నెమ్మదిస్తే మిగతా మూడూ కలిపి 35 సెకన్లు ఇచ్చాయి!

ఇప్పుడు ఆదివారాలు బ్యాక్-బ్రెస్ట్ మధ్య క్రాసోవర్ టర్న్ (చెయ్యి అడ్డంగా చాపి గోడ తాకి పల్టీ కొట్టి తిరిగేది) నేర్చుకుంటున్నా, నాలుగింట్లో ఒకసారి చెయ్యి గోడ మీద జారిపోతోంది, అది కుదిరేదాకా రేసులో పల్టీ లేని మామూలు ఓపెన్ టర్నే కొడతా.