మా అమ్మ సీరియల్ చూడదు, వింటది

మొన్న శనివారం హన్మకొండ పోయిన. రాత్రి ఏడున్నర, టీవీ హాల్ల, దాని ముందు నేను, అమ్మేమో వంటింట్ల చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట కూసుంది. ఆమెకు టీవీ కనవడదు. హీరోయిన్ "మీకో విషయం చెప్పాలండీ" అన్నదో లేదో, అమ్మ లోపటి నుంచే "ఇగ చెప్పదు, అత్త వచ్చింది" అన్నది. నిజంగనే తలుపు కాడ అత్త, ఉరుము సౌండ్, ఎపిసోడ్ ఖతం. ఎట్ల తెల్సిందే అంటే "మ్యూజిక్ వినవడ్తలేదా నీకు" అన్నది.

అప్పుడు సమజైంది నాకు. విలన్ ఒక్కతే గదిల నిలవడి ప్లాన్ అంత పైకే చెప్పుకునుడు, ఒక్క మాటకు ఆరుగురి మొహాలు మూడు మూడు సార్లు చూపెట్టుడు, నిన్నటి ముచ్చటే ఫ్లాష్‌బ్యాక్‌ల మల్ల ఏసుడు, మనం ఇన్నేండ్లు నవ్విన ఇవన్నీ టీవీ ముందట కూసున్నోళ్ల కోసం కానే కాదు, కుక్కర్ దించి వచ్చేలోపు కథ తప్పిపోవద్దని. అసలు ఈ సీరియల్ అనేది పుట్టిందే రేడియోల గదా, 1930లల్ల అమెరికాల పగటిపూట ఇంటిపని చేసుకునే ఆడోళ్ల కోసం, పైసలు పెట్టింది సబ్బుల కంపెనీలు, అందుకే ఇంగ్లీషుల సీరియల్‌కు సోప్ ఒపెరా అని పేరు. మనకాడ బ్రేక్‌ల ఇప్పటికీ సబ్బులే, ఒంటికి, బట్టలకు, గిన్నెలకు.

2017ల మొదలైన కార్తీకదీపం 2023 జనవరి దాక నడిచింది, అండ్ల డాక్టర్ బాబుకు పెండ్లాం మీద అనుమానం, డాక్టరే కదా డీఎన్ఏ టెస్ట్ చేపియ్యొచ్చు కదా అని ఫేస్‌బుక్ అంత ఒకటే నవ్వుడు. అమ్మ మాత్రం "టెస్ట్ చేస్తే రేపు ఏం ఏస్తరు మరి" అన్నది.

పట్టుచీరల పండుకునుడు, యాక్సిడెంట్ అయినంక మొహం మారి కొత్త యాక్టర్ వచ్చుడు, ఇవన్నీ సరే. నాకు మండేది ఒక్కటే, హాల్ల మెట్లున్న పెద్దింటోళ్లందరు ఆంధ్ర యాసల మాట్లాడ్తరు, మన యాస ఎక్కువ పనామెకే ఇస్తరు. బతుకమ్మ ఎపిసోడ్ పెడితే మాత్రం తొమ్మిది రోజుల పండుగను మూడు వారాలు సాగదీస్తరు, అప్పుడు మనం యాదికొస్తం.

సోమవారం రాత్రి అమ్మకు ఫోన్ చేసి, హీరోయిన్ ఆ విషయం చెప్పిందా అని అడిగిన.

"యాడిది, కండ్లు తిరిగి పడ్డది" అన్నది అమ్మ. ఎనుక నుంచి అదే మ్యూజిక్.